గోడ దూకిన పిల్లి, నా చెవి మిషన్

సూర్యాపేటలో మాకు పిండి గిర్ని ఉండేది. ముప్పై ఏళ్లు నేనూ మా ఆయనా దాన్ని నడిపాం. ఆయన బయట తూకం దగ్గర కూర్చునేవాడు. లోపల డబ్బాలు ఎత్తి గిర్నిలో పోసి, పిండి పట్టేది నేను. బెల్టు తిరగడం మొదలైతే ఇక మాటల్లేవు, అన్నీ సైగలే. వచ్చినవాళ్లు బొటనవేలూ చూపుడువేలూ కలిపి రుద్దితే మెత్తగా పట్టాలని, దూరంగా పెట్టి ఆడిస్తే రవ్వగా కావాలని అర్థం.

మోకాళ్లు మొరాయించాక గిర్ని మూసేశాం. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నాకు మహా హాయిగా ఉండేది. అది ఇంట్లోది కాదని, నా చెవుల్లోదని నాకు తెలియదు. ఈ కాలం మనుషులకు నోట్లోనే గొణుక్కునే అలవాటు వచ్చిందనుకున్నాను. టీవీ పెడితే మా ఆయన వచ్చి తగ్గించేవాడు.

"టీవీ మనకా, వాడకట్టుకంతటికా?" అనేవాడు.

చెవులు చూపించుకుందాం రమ్మని ఎన్నిసార్లో అడిగాడు. "నా చెవులకేమైంది? నీకే గొంతు పోయింది. నువ్వే చూపించుకో," అనేదాన్ని.

కోదాడలో మా అక్క ఉంటుంది. నాకంటే ఆరేళ్లు పెద్దది. పెళ్లయి వెళ్లిన కొత్తలోనే ఆమె మాటలో అటు ఆంధ్ర వైపు యాస కలిసింది. వినికిడి మాత్రం ఇద్దరిదీ ఒకటే. రోజూ సాయంత్రం ఫోన్ చేసుకుని ఎవరి మాటలు వాళ్లం మాట్లాడుకునేవాళ్లం. ఆమె మోకాళ్ల నొప్పుల గురించి చెబితే నేను మామిడికాయల ధర చెప్పేదాన్ని. ఇద్దరం తృప్తిగా ఫోన్ పెట్టేసేవాళ్లం.

"రెండు రేడియోలు ఎదురెదురుగ పెట్టినట్టున్నరు," అనేవాడు మా ఆయన.

ఓ ఎండకాలం అక్క ఫోన్ చేసి, "మా ఇంట్లో స్లాబు పని నడుస్తా ఉందే. ఆదివారం చీపుర్లు మీ ఇంట్లో పెట్టుకుందాం," అంది.

నాకు అలాగే వినపడింది. ఇల్లంతా సిమెంటు, ఇసుక అయితే చీపుర్లు ఎక్కడ పెట్టుకుంటుంది పాపం అనుకున్నాను. కోదాడ నుంచి సూర్యాపేట దాకా చీపుర్లు మోసుకురావడమేమిటన్న ఆలోచన మాత్రం రాలేదు.

"పెట్టుకుందాం అక్కా, అడుగుడెందుకు? మెట్ల కింద జాగ ఉంది," అన్నాను.

ఆమెకు ఏం వినపడిందో దేవుడికే తెలియాలి. "సంతోషమే," అని ఫోన్ పెట్టేసింది.

ఆదివారం పొద్దున మెట్ల కింద ఊడ్చి ఖాళీ చేశాను. అక్కడ ఓ తెల్ల పిల్లి ఈనింది. అది మేం పెంచిన పిల్లి కాదు, కానీ మా ఇల్లే తన ఇల్లనుకుంటుంది. దాని కూనల్ని గంపతో సహా ఓ మూలకు జరిపాను. తలకు ఆముదం పట్టించుకుని, పాత చీర కట్టుకుని కూర్చున్నాను. మా ఆయన లుంగీ బనీనుతో స్టూలెక్కి కూలర్ గడ్డి మారుస్తున్నాడు.

అప్పుడు ఇంటి ముందు ఓ పెద్ద బండి ఆగింది. పట్టుచీరల ఆడవాళ్లు, తెల్లచొక్కాల మగవాళ్లు, చేతుల్లో పండ్లు, పూలు. నవ్వుతూ దండాలు పెట్టి లోపలికి వచ్చి కూర్చున్నారు. వాళ్లు మా ఆయన తరఫు చుట్టాలని నేననుకున్నాను. నా తరఫువాళ్లని ఆయన అనుకున్నాడు. ఇద్దరం మర్యాదగా మంచినీళ్లిచ్చాం.

నడుమ కూర్చున్న పెద్దావిడ నా తల వైపు, నా చీర వైపు ఓసారి చూసి అడిగింది.

"పిల్లి ఏదమ్మా?"

నాకు వినపడింది అదే. మా పిల్లి సంగతి వీళ్లకెట్లా తెలుసా అనుకుంటూనే జవాబు చెప్పాను.

"ఇప్పుడే గోడ దుంకి పోయిందమ్మా."

ఆవిడ భర్త వైపు చూసింది. "గోడ దుంకిందా? ఎటు పోయింది?"

"ఏమో, ఎవరికెరుక? దినాం గదే పని. ఏ ఇంట్ల పాలు కనపడితే ఆ ఇంట్ల తాగి, పొద్దుగూకినంక వస్తది."

"మరి మీరేమనరా?"

"మొన్న కట్టె వట్టుకొని ఎంటవడ్డ. ఆగలే. ఈమధ్యనే మూడు పిల్లల్ని గూడ పెట్టింది. ఇగ కొట్టుడెందుకని ఇడిసిపెట్టిన."

పెద్దావిడ గ్లాసు కింద పెట్టేసింది. తెల్లచొక్కా ఒకాయన లేచి నిలబడ్డాడు. స్టూలు మీద నుంచి మా ఆయన చేతిలోని గడ్డి వదిలేసి కేక పెట్టాడు.

"పిల్లి గాదే! పిల్ల! పిల్ల!"

"పిల్లలా? మెట్ల కింద గంపల ఉన్నయి. తెచ్చి సూపియ్యాల్నా?" అన్నాను.

అదే సమయానికి ఓ కూన కళ్లు చికిలించుకుంటూ గంపలోంచి బయటికి వచ్చి, మా హాల్లో నిలబడింది. ఓ పక్కన బిగుసుకుని కూర్చున్న అబ్బాయి దాన్ని చూశాడు, నన్ను చూశాడు, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయాడు. అతనే పెళ్లికొడుకు. వాళ్లు మిర్యాలగూడ నుంచి మా అక్క మనుమరాలిని చూసుకోవడానికి వచ్చారు. అక్క ఫోన్లో అన్నది చీపుర్లు కాదు, చూపులు.

కాసేపటికి మనుమరాలితో కోదాడ నుంచి వచ్చి కారు దిగిన అక్క ఆముదం కారుతున్న నా ముఖం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేందే, చూపులకు ఒప్పుకుని ఇట్టా కూర్చున్నావ్?"

"సీపుర్లు ఏవక్కా?" అన్నాను నేను.

నేను లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చేసరికి మా ఆయన అందరికీ అంతా విప్పి చెప్పాడు. పెద్దావిడ కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. అంత నవ్విన తర్వాత బింకంగా కూర్చోవడం ఎవరివల్లా కాలేదు. అబ్బాయి, అమ్మాయి కూనను మధ్యలో పెట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. సంబంధం కుదిరింది.

వెళ్లేముందు మనుమరాలు మా ఇద్దరినీ పక్కకు పిలిచి, "అమ్మమ్మా, చిన్నమ్మమ్మా, నిశ్చితార్థం లోపు ఇద్దరూ చెవులు చూపించుకోవాలి. లేకపోతే నన్ను ఎవరికిచ్చి చేస్తున్నారో కూడా మీకు తెలియదు," అంది.

అక్క వెంటనే, "నాకు బాగానే వినపడుద్ది. దానికే చెవుడు," అని నన్ను చూపించింది. నాకు కాదనడానికి ముఖం లేకపోయింది.

ఆ వారమే మా ఆయన నన్ను సూర్యాపేటలోనే చెవుల పరీక్ష చేసేచోటికి తీసుకుపోయాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఫెయిల్ కావద్దని నేను గట్టిగా నిర్ణయించుకుని టకటకా నొక్కాను. పరీక్ష చేసే అమ్మాయి తలుపు తీసింది.

"అమ్మా, నేనింకా సౌండ్ పెట్టలేదు."

తర్వాత ఓపిగ్గా విడమరిచి చెప్పింది. "మీకు సప్పుడు తెలుస్తుంది, మాట తెలుస్తలేదు. అందుకే అందరు గొణుగుతున్నట్టు అనిపిస్తది. ఇంకా ఆలస్యం చేస్తే మాటలు పట్టుకునే అలవాటు తప్పిపోతది. అప్పుడు మిషన్ పెట్టినా కష్టమే. ముందే వస్తే ఇంకా మంచిగుండేది."

ముందే వచ్చి ఉంటే ఆ పిల్లి గొడవే ఉండేది కాదని మా ఆయన ఆమెకు మొత్తం కథ చెప్పాడు. ఆ అమ్మాయి నవ్వి నవ్వి, నా చెవి కొలత రెండోసారి తీసుకోవలసి వచ్చింది.

మిషన్లు పెట్టుకున్న మొదటిరోజు ఇంటికొచ్చి భయపడ్డాను. ఫ్యాను గొణుగుతోంది. ప్లాస్టిక్ కవరు ముట్టుకుంటే పటపటమంటోంది. అప్పడం నమిలితే నా తలలోనే గిర్ని ఆడుతున్నట్టుంది. మా ఆయన చెప్పులీడ్చుకుంటూ నడుస్తాడని ఇన్నేళ్లకు తెలిసింది. తీసి పారేద్దామనుకున్నాను. కానీ రోజూ కాసేపు పెట్టుకుని, కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలని ఆ అమ్మాయి చెప్పింది. అలాగే చేశాను. కొన్ని వారాలకు ఫ్యాను తన పని తాను చేసుకుంది, నేను మాటలు వినడం మొదలుపెట్టాను.

వాటిని చూసుకునే పని మాత్రం మా ఆయన నాకు వదల్లేదు. అరిగిన గిర్ని రాళ్లకు గాట్లు పెట్టిన మనిషికి ఇన్నాళ్లకు ఇంట్లో మళ్లీ ఓ మిషన్ కనపడింది. పడుకునేముందు నేను తీసివ్వడం ఆలస్యం, పొడి గుడ్డతో తుడవడం, చిన్న బ్రష్‌తో గులిమి దులపడం, బ్యాటరీ మూత తెరిచి తేమ పీల్చే గోళీలున్న డబ్బాలో పెట్టడం. తలకు నూనె రాసుకున్నరోజు వాటిని ముట్టనిచ్చేవాడు కాదు. స్నానానికి పోతుంటే తలుపు దగ్గర నిలబడి చేయి చాపేవాడు. అంతా బాగానే ఉందనుకుంటుండగా ఓ పొద్దున చూస్తే, కుట్టు మిషన్ నూనె డబ్బా పట్టుకుని కూర్చున్నాడు.

"ఏం జేస్తున్నవ్?"

"జర ఒక్క సుక్క ఏస్తే మంచిగ తిరుగుతది."

"దాన్ల తిరిగేటిదేముంది? ఇటియ్యి!" అని లాక్కున్నాను. ఆ డబ్బా ఇప్పటికీ బియ్యం డ్రమ్ము వెనక దాచే ఉంచాను.

నిశ్చితార్థం మిర్యాలగూడలో, ఫంక్షన్ హాల్లో. గుమ్మంలోనే అక్క నన్ను గట్టిగా కౌగిలించుకుంది. ఆమె చెంప తగిలేసరికి నా మిషన్ కుయ్యిమని ఈల వేసింది. లోపల మంత్రాలు చదువుతున్న అయ్యగారు ఆపేసి, వెనక వరసలో ఉన్న కుర్రవాళ్లను ఉరిమి చూశారు. అక్కకేమీ వినపడలేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది. ఈల ఇంకా పెరిగింది.

అక్షింతలు వేసే వేళకు పిల్లను చూసి నాకు కళ్లు చెమర్చాయి. తుడుచుకుందామని కళ్లజోడు తీశాను. దాని కాడకు తగులుకుని ఎడమచెవి మిషన్ ఊడి అక్షింతల పళ్లెంలో పడింది. నేను చూడలేదు. గుప్పెడు తీసుకుని, మనసారా దీవించి, ఇద్దరి మీదా వేశాను.

తిరిగి కూర్చున్నాక ఒక చెవి బోసిగా అనిపించింది. చీర దులిపాను, కుర్చీ కింద వెతికాను. మా ఆయన పళ్లెంలోని అక్షింతలన్నీ వేళ్లతో జల్లించాడు. అంతలో పెళ్లికొడుకు తన కాలర్లోంచి ఏదో తీసి, దానికంటిన పసుపు బియ్యం గింజను ఊదేసి, అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి నడిచివచ్చాడు.

"చిన్నమ్మమ్మా, మీ చెవి నాకు దీవెనల్ల వచ్చింది."

హాలు హాలంతా గొల్లుమంది. నేను కూడా నవ్వాను. పక్కన అక్క అందరినీ ఓసారి చూసి, కాస్త ఆలస్యంగా తనూ నవ్వింది. తర్వాత నా మోచేయి పట్టుకుని మెల్లగా అడిగింది.

"ఏమన్నాడే?"

ఆమె ముఖం చూసేసరికి నాకు నవ్వు ఆగిపోయింది. ఆమె చెవి దగ్గరగా వంగి, అతనన్న మాట మొదటినుంచీ చెప్పాను. ఆమె విని తలూపింది. భోజనాల దగ్గర పప్పు కలుపుకుంటూ, నా వైపు చూడకుండా, "ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటది?" అంది.

తర్వాతి వారం అక్క సూర్యాపేట వచ్చింది. పరీక్షలో నాలాగే బటన్ టకటకా నొక్కిందని ఆ అమ్మాయి నాకు చెప్పింది. రక్త సంబంధం మరి. మిషన్లు వచ్చిన రోజు వాటిని పెట్టుకుని, ముఖం చిట్లించి, "ఇంత గోలలో ఎట్టా బతుకుతున్నారే మీరంతా?" అంది.

ఆమెను బస్సెక్కించడానికి బస్టాండుకు తీసుకువెళ్లాను. హారన్లు, మైకు, సోడాల వాళ్లు. దారి పొడవునా చెవులు మూసుకుంటూనే నడిచింది కానీ మిషన్లు మాత్రం తీయలేదు. కోదాడ బస్సు మెట్టు మీద నిలబడి కండక్టర్ గొంతు చించుకుంటున్నాడు.

"కోదాడ, కోదాడ, కోదాడ!"

అక్క మెట్టెక్కి, అతని ఎదురుగా ఆగి, అంది:

"ఎందుకయ్యా అట్టా అరుస్తావ్? మేమేమన్నా చెవిటోళ్లమా?"