తుల్సీరాం సార్ మూడు రేజర్లు

గుండెకు స్టెంటు వేసిన తరువాత డాక్టరు రాసిచ్చిన మాత్రలు రక్తాన్ని పలుచన చేస్తాయి. ఆ సంగతి తుల్సీరాంకు చీటీ చదివినప్పుడు కాదు, గడ్డం గీసుకుంటున్నప్పుడు అర్థమయింది. ఫిబ్రవరి మూడో తేదీన ఎడమ దవడ కింద పడిన గాటుకు రక్తం ఆగడానికి పంతొమ్మిది నిమిషాలు పట్టింది. పటిక రాసినా, తువ్వాలు అదిమిపట్టినా రక్తం తన దారిన తాను కారింది. మాత్రలకు ముందు అంతే గాటు రెండు మూడు నిమిషాలలో మూసుకుపోయేది.

భూపాలపల్లి దవాఖానలో నర్సుగా పనిచేస్తున్న కూతురు లత వీడియో కాల్‌లో ఆ తువ్వాలును చూసింది.

"బాపూ, గా బ్లేడు బంద్ పెట్టు. నేను మిషన్ కొనుక్కొస్త."

"మిషన్ కత్తిరిస్తది బిడ్డా, గీకదు. రెండూ ఒకటి కాదు."

"నాకు ఫిజిక్స్ చెప్పకు. నెత్తురు సంగతి నాకెరుక. పదిహేనో తారీఖు వస్తున్న. అప్పటికి నీ మొఖం మీద ఇంకో గాటు కనవడ్డదనుకో, రేజర్లన్నీ చెత్తబండిల ఏస్త."

ఆమె అన్నంత పనీ చేస్తుందని ఆయనకు తెలుసు. గడువు పన్నెండు రోజులు.

తుల్సీరాం జనగామ జూనియర్ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసి, పుట్టిన తండాకు దగ్గరని మానుకోటలో ఇల్లు కట్టుకున్నాడు. భార్య గోరీ పోయి ఏడాదిన్నర అయింది. లత చిన్ననాటి నుంచీ హాస్టళ్లలో పెరగడం వల్ల తెలుగే మాట్లాడుతుంది. అందువల్ల తండా భాష ఆ ఇంట్లో గోరీతోనే ఆగిపోయింది. వంటకు కుక్కరుంది, బట్టలకు మిషను ఉంది. చేతికి కాస్త నేర్పు కావలసిన పని ఆయన దినంలో ఒక్కటే మిగిలింది. అది కూడా మిషనుకు అప్పగించడానికి ఆయనకు మనసొప్పలేదు.

మూడు రేజర్లను బల్లమీద వరుసగా పెట్టాడు. మొదటిది మొదటి జీతంతో జనగామలో కొన్న ఇత్తడిది. పిడి చివర తిప్పితే తల రెండు తలుపుల్లా తెరుచుకుంటుంది. బరువు డెబ్బై ఒక్క గ్రాములు. రెండోది కిరాణా కొట్టులో దొరికే ప్లాస్టిక్ పిడిది, పంతొమ్మిది గ్రాములు. మూడోది కొరియర్‌లో తెప్పించిన స్టీలుది, నూట రెండు గ్రాములు. పోస్టుకార్డును సన్నని పట్టీలుగా కత్తిరించి, బ్లేడు అంచుకూ, తోలు తెగకుండా దాని కిందనున్న గట్టుకూ మధ్య ఎన్ని పడతాయో చూసి, ఆ మందాన్ని స్క్రూగేజీతో కొలిచాడు. ప్లాస్టిక్‌దానిలో సందు అన్నింటికంటే తక్కువ, స్టీలుదానిలో అన్నింటికంటే ఎక్కువ. సందు పెరిగిన కొద్దీ గీత లోతవుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది. అందరూ చెప్పేది అదే. ఆయన దానిని పరీక్షించదలచాడు.

నాలుగో తేదీ నుంచి తొమ్మిదో తేదీ వరకు ఒక్కో రేజరుకు రెండు రోజులు. ఒకే రకం బ్లేడు, ఒకే సబ్బు. నీటి వేడిమి నలభై రెండు డిగ్రీలు. నోటుబుక్కులో తేదీ, రేజరు, బ్లేడు ఎన్నో వాడకం, వేడిమి, గాట్లు, రక్తం ఆగిన సమయం అని గడులు గీశాడు. ఆరు రోజుల తరువాత చూస్తే మూడు రేజర్లకూ తలా ఒక చిన్న గాటు పడింది. మూడూ ఎడమ వైపే. లత ఫోను చేసిన ప్రతిసారీ ఆయన కుడి చెంపను కెమెరాకు చూపుతూ మాట్లాడాడు.

గాట్ల లెక్కతో తేలకపోతే తోలు ఎంత ఎర్రబడిందో, ఎంత నున్నబడిందో చూడాలి. ఒకే రోజు ఒక చెంపకు ఒక రేజరు, రెండో చెంపకు మరొకటి వాడాలి. అయితే తీర్పు తానే చెప్పకూడదు. ఏ చెంపను దేనితో గీశాడో తెలిసిన వేలు ఇష్టమైన ఇత్తడి వైపే మొగ్గుతుంది. తెలియనివాడెవడో ముట్టి చూడాలి. మేడమీద అద్దెకున్న జశ్వంత్ బ్యాంకు ఉద్యోగి. ఎదురుపడితే నమస్తే అంటాడు, అంతే. పక్కింటివాళ్ల పేర్లే తుల్సీరాంకు పూర్తిగా తెలియవు. ఒకసారి తన చెంప ముట్టి చూడమని అడగగలిగినంత దగ్గరి మనిషి మానుకోటలో తనకు ఒక్కరూ లేరని తొమ్మిదో తేదీ, సోమవారం నాడు, లెక్క తేలింది.

చివరకు తుల్సీరాం ఓదెలు నడిపే కటింగ్ షాపుకు వెళ్లాడు.

"ఏంది సార్, మొన్ననే అయింది గద కటింగ్?" అన్నాడు ఓదెలు, బ్లేడును కాగితంతో సహా రెండుగా విరిచి కత్తికి తొడుగుతూ.

"కటింగ్ కాదు ఓదెలూ. రేపు మంగళారం నీకు బందే గద. పొద్దుగాల జర ఇంటికి రావాలె. నా చెంపలు చూసి చెప్పాలె."

కుర్చీలో నురుగు మొఖంతో ఉన్న బక్కయ్య కిసుక్కుమన్నాడు. "ఎవలన్న పిల్లనిస్తున్నరా సార్, చెంపలు చూసుడు?"

"నువ్వు గమ్మునుండు బక్కన్నా, మీసం పోతది," అని ఓదెలు తుల్సీరాం వైపు తిరిగాడు. "మంగళారం నేను కత్తి ముట్ట సార్. మా తాతల కాలం కాడికెళ్లి గంతే."

"ముట్టొద్దు. చూస్తె చాలు."

మంగళవారం ఆరున్నరకే ఓదెలు వచ్చాడు. వరండాలో అద్దం ముందు తుల్సీరాం, ఆయన వెనుక కుర్చీలో గోడవైపు తిరిగి ఓదెలు. ఏ వైపు ఏ రేజరో చూడవద్దని గట్టి షరతు. కుడి చెంప అయింది. ఎడమ చెంప సగంలో ఉండగా వెనుక నుంచి కేక వినిపించింది.

"ఆగుండ్రి సార్, ఆగుండ్రి!"

"ఇటు చూడొద్దన్న గద!"

"గోడను ఎంతసేపు చూస్త సార్? ఆ చెంప మీద ఎన్నిసార్లు గీకినరు?"

"రెండు. మీదికెళ్లి కిందికొకటి, కిందికెళ్లి మీదికొకటి."

"పదకొండు. నేను లెక్కవెట్టిన. నురుగు మీద రెండు, వట్టి తోలు మీద తొమ్మిది. వేలు వెట్టుడు, మల్ల గీకుడు. వెంట్రుక ఎప్పుడో పోయింది సార్, మీరు తోలు గీకుతున్నరు. వేరే రోజైతే నేనే రేజరు గుంజుకొని గీసి లేపుదును. చేతులు కట్టుకొని కూసున్న గాబట్టి కనవడ్డది."

తుల్సీరాం రేజరును నీళ్ల గిన్నెలో పెట్టాడు.

"షాపుల రెండు దెబ్బలేసి అద్దం చూపిస్త. సాలంటరు, లేస్తరు," అన్నాడు ఓదెలు, గొంతు తగ్గించి. "మీకు సాలని ఎవలంటరు?"

గోరీ చాలనేది కాదు. గడ్డం సంగతే ఆమెకు పట్టదు. వంటింట్లోంచి, చాయ్ చల్లారుతోందని తండా భాషలో ఒక్క అరుపు అరిచేది. ఆ అరుపుతో ఆయన చేయి ఆగేది. ఎన్నిసార్లు గీశాడో లెక్కించే అవసరం ముప్పై ఏళ్లలో రాలేదు. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల రికార్డు పుస్తకాలలో లోపాలు పట్టిన మనిషి తన పట్టికలో ఆ గడి గీయడం మరిచాడు.

ఓదెలు రెండు చెంపలనూ బొటనవేలితో నిమిరి, "రెండూ ఒక్కతీరే ఉన్నయి సార్," అని చెప్పి, చాయ్ తాగి వెళ్లిపోయాడు.

మరునాడు తుల్సీరాం చేతికందిన రేజరుతో రెండుసార్లు గీసి ఆపాడు. ఎడమ దవడ కింద రూపాయి బిళ్లంత మేర గరుకు మిగిలింది. చేయి మళ్లీ అక్కడికే లేచింది, బలవంతంగా దించాడు. రక్తం రాలేదు. ఆ గరుకుతోనే బజారుకు వెళ్లి కూరగాయలు తెచ్చాడు. ఎవరూ దానిని చూడలేదు.

పదిహేనో తేదీన లత వచ్చి, తండ్రి గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి నర్సులాగే పరీక్షించింది.

"పాత గాట్లు మానినయి. కొత్తయి లేవు. సరే, ఉంచుకో నీ రేజర్లు," అంది. ఆమె వేళ్లు ఆ గరుకు మీదుగానే పోయాయి. మధ్యాహ్నం మూడు గంటల బస్సుకు వెళ్లిపోయింది.

మునుపు గడ్డానికి ఆయనకు ఇరవై రెండు నిమిషాలు పట్టేది. ఇప్పుడు తొమ్మిది చాలు. లత వెళ్లిన మరునాడు, సోమవారం, రేజరు కడిగి, తుడిచి, ఆరబెట్టి చూసుకుంటే ఇంకా పదమూడు నిమిషాలు మిగిలాయి. వాటిలో చేయడానికి ఏ పనీ తోచక పాలగిన్నె పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

పాలాయన బండి ఆపి, గడియారం చూసుకుని కంగారుపడ్డాడు. "ఆల్శమైందా సార్?"

"లేదు," అన్నాడు తుల్సీరాం. "నేనే ముందుగాల వచ్చిన."