ఇన్‌స్పెక్షన్ నాటి కుర్చీ

మా వీధి శివజ్యోతి సూది వేస్తే దోమ కూడా సిగ్గుతో తల దించుకోవాలి. మైదుకూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదేళ్లుగా నర్సు. ఐసీయూ ఇన్‌ఛార్జి కావాలంటే పెద్ద చదువుండాలని మేనేజరు సోమశేఖర్ అంటే, కర్నూలు వెళ్లి రెండేళ్లు ఎమ్మెస్సీ నర్సింగ్ చదివింది. తిరిగొచ్చేటప్పుడు ఆమె పుస్తకాల బరువుకి బస్సు ఒక పక్కకి ఒరిగిపోయింది.

తీరా వచ్చి చూస్తే ఆ కుర్చీలో మేనేజరు మరదలు! థర్మామీటరు ఏ వైపు పట్టుకోవాలో తెలియని మనిషి. శివజ్యోతికి మళ్లీ పాత వార్డులో పాత పనే. ఇంత అన్యాయం లోకంలో ఉంటుందా?

ఈమధ్య తనిఖీ అధికారులు వస్తున్నారనగానే సోమశేఖర్ పరుగెత్తుకొచ్చాడు.

"ఒక్క గంట ఆ కుర్చీలో కూచోమ్మా. ఎమ్మెస్సీ చదివినోళ్లు యాడుండారని సారోళ్లు అడుగుతారు."

"మరి మీ మరదలు సార్?"

"క్యాంటీన్‌లో టీ తాగుతాంటాదిలే."

శివజ్యోతి కూర్చుంది. అధికారులు అడిగినవాటన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పింది. వాళ్లు ఇన్‌ఛార్జిగా ఆమె పేరు రాసుకుని, సంతకం పెట్టించుకుని వెళ్లారు.

"ఇంగ లెయ్‌మ్మా" అన్నాడు సోమశేఖర్.

"ఎందుకు లెయ్యల్ల సార్? కూచోబెట్టింది మీరే, పేరు రాయించింది మీరే. అదంతా అబద్ధమని సారోళ్లకు ఫోన్ చేసి చెప్పల్లా?"

సోమశేఖర్ ముఖం కాలిన పెనంలా మాడింది. చదువుకున్న మనిషి తన కుర్చీ కోసం ఇలా మొండికేయాల్సి రావడమేమిటి?

మూడు వారాలైంది, ఆమె లేవలేదు. మరదలు క్యాంటీన్‌లోనే ఉందట. ఇప్పటికి మూడొందల టీలు తాగిందట.