తప్పిపోయిన మేక

శామీర్‌పేట దాటాక ఒక ఇంజనీరింగ్ కాలేజీ. దాని కంప్యూటర్ ల్యాబ్ తలుపు దగ్గర స్టూలు మీద రెండేళ్లు నా ఉద్యోగం. దుమ్ము పడకుండా పిల్లల చెప్పులు బయట విప్పించాలి. జవహర్‌నగర్ చెత్త డంపు వాసన ఇటు మళ్లితే కిటికీలు మూయాలి. బూట్లతో లోపల తిరిగేది ల్యాబ్ చూసే మా సారు ఒక్కడే. డిగ్రీ చదివినా నన్ను కీబోర్డు ముట్టొద్దని ఆయన హుకుం. అయినా పాఠాలన్నీ తలుపు దగ్గర్నుంచే విన్నాను. సాయంత్రం కంప్యూటర్లకు గుడ్డలు కప్పే ముందు కమాండ్లు కొట్టి చూసుకునేదాన్ని.

వేసవి సెలవుల్లో మాత్రం ఆయనే ఒక సీడీ చేతికిచ్చి, ముప్పై కంప్యూటర్లలో లినక్స్ అనే సిస్టం ఎక్కించమన్నాడు. వాటిలో జాగా చాలదు, చిన్న ప్యాకేజీ పెట్టమన్నదీ ఆయనే.

సెలవులు ముగిసిన వెంటనే ప్రాక్టికల్ పరీక్ష. ఆ నాడు ఎగ్జామినర్ ప్రిన్సిపాల్ గదిలో చాయ్ తాగుతున్నాడు. లోపల ఒక పిల్ల 'మేక్' అని కొట్టింది. విడివిడిగా రాసిన ప్రోగ్రాం ముక్కల్ని కలిపే కమాండ్ అది. అది లేకుంటే పరీక్షే లేదు. 'కమాండ్ నాట్ ఫౌండ్' అంది తెర. ఏ కంప్యూటర్ చూసినా అదే మాట.

"మేక దప్పిపోయిందిరో!" అని వెనక నుంచి ఒకడు అరిచాడు. అందరూ గొల్లుమన్నారు.

సారు మొహంలో నెత్తురు చుక్క లేదు. "సీడీ పెట్టింది నువ్వే గద? పరీక్ష ఆగిందో, రేపటి సంది రాకు!" అని నా మీద పడ్డాడు.

ఒళ్లు మండిపోయింది. బాపు మంచం పట్టాక మా ఇల్లు నడిచేది నా జీతం మీదే. "జర జరుగుండ్రి సార్," అని ఆయన కుర్చీలోనే కూర్చున్నాను.

వెతికాను. మేక్ నిజంగానే లేదు, చిన్న ప్యాకేజీలో అది రానే రాలేదు. కానీ రాసిన కోడ్‌ను ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ ఉంది. ముక్కలన్నీ దానికే ఇచ్చి ఒక్కటి చేయించే ఒక చిన్న ఫైలు రాసి, 'మేక్' అని పేరు పెట్టాను. కోపం తగ్గక చివర ఇంకో లైను కూడా కలిపాను. ఫ్లాపీ పట్టుకుని ముప్పై కంప్యూటర్ల చుట్టూ ఉరికాను. పాస్‌వర్డు నాకు తెలుసు, ఎక్కించింది నేనే కదా!

ఎగ్జామినర్ వచ్చాడు. ఆ పిల్ల 'మేక్' కొట్టింది. ప్రోగ్రాం తయారైంది. కింద ఇంగ్లీషు అక్షరాల్లో నా లైను పడింది: 'మేక దొరికింది'.

"ఇదేంటి? మేక్ ఇలా మాట్లాడదే!" అన్నాడాయన. నేను ముందుకొచ్చాను.

"నేనే సార్. అసలుది సీడీల లేకుండె. గందుకే ఒకటి జేసిన."

ఆయన ఫైలు తెరిచి చదివి పగలబడి నవ్వాడు. "రెండు లైన్లతో పరీక్ష నిలబెట్టావమ్మా! నువ్విక్కడ లెక్చరర్‌వా?"

"కాదు సార్. తలుపుకాడ చెప్పులు జూస్త."

ఆయన నవ్వు ఆగిపోయింది. సారు వైపు తిరిగి, "ఈ అమ్మాయిని తలుపు దగ్గర కూర్చోబెట్టారా?" అన్నాడు.

ఎగ్జామినర్ మాటతో మరునాడే లోపల నాకో కుర్చీ, కంప్యూటర్ వచ్చాయి. సంతోషంతో ఆ పూట అన్నం కూడా సయించలేదు. మూడో నాడు సారు తలుపు దగ్గర ఆగి, "అమ్మా, నా ప్రోగ్రాం నడుస్తలేదు. జర సూస్తవా?" అన్నాడు.

"సూస్త సార్. బూట్లు బయట ఇడిసి రాండ్రి."