బాలమణి ఖాతాలో పన్నెండుమంది పైసలు

బాలమణి పంతొమ్మిదేళ్లుగా సినిమాల్లో ఉంది. ఏ సినిమాలో అని అడిగితే మాత్రం చెప్పడం కష్టం. పెళ్లి సీన్లో మూడో వరుసలో నిలబడి అక్షింతలు వేసేది ఆమే, ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని కళ్లొత్తుకునేది ఆమే, హీరో బైకు దూసుకుపోతుంటే గుండె మీద చెయ్యి వేసుకుని పక్కకు జరిగేదీ ఆమే. జూనియర్ ఆర్టిస్టు. ఆ ముఖం రాష్ట్రమంతా చూసింది, పేరు మాత్రం ఫిల్మ్ నగర్ బస్తీలో తనుండే సందు దాటితే ఎవరికీ తెలియదు.

జూనియర్ ఆర్టిస్టుల్లోనూ మళ్లీ తరగతులున్నాయి. మనిషిని ఎగాదిగా చూసి ‘రిచ్’ అనీ ‘మామూలు’ అనీ రెండు వరసలుగా నిలబెడతారు. బాలమణిది కాస్త చామనఛాయ మీద తేట, మనిషి పొడుగు, నడక నిటారు. మొదటి రోజే రిచ్ వరసలో నిలబెట్టారు. అంటే పార్టీ సీన్లో పట్టుచీర కట్టుకుని, చేత్తో రంగునీళ్ల గ్లాసు పట్టుకుని, పక్కావిడతో పెదాలు కదుపుతూ ఏమీ మాట్లాడకుండా మాట్లాడే భాగ్యం. పైసల్లో తేడా ఏమీ లేదు, అందరికీ రోజుకు తొమ్మిది వందలే. కానీ ఆ రిచ్ అన్నమాట ఒకసారి తలకెక్కి మరి దిగలేదు. మొగుడు పోయి పదకొండేళ్లయినా, రేకుల గదికి కిరాయి కట్టలేక ఇంటివాళ్లకు ముఖం చాటేస్తున్నా, నలుగురిలో నిలబడితే మాత్రం ఆమె తనకేమీ లోటు లేనట్టే ఉండేది. ఈ కథలో ఆమె చేసిన తప్పంతా అదే. దొంగతనం చెయ్యాలనీ, దగా చెయ్యాలనీ ఆమె అనుకోలేదు.

మార్చి నెలలో జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో రెండు రోజులు బర్త్‌డే పార్టీ సీను తీశారు. పన్నెండుమంది ఆడవాళ్లు వెళ్లారు. వెనకటికైతే సాయంత్రం పేకప్ చెప్పగానే కోఆర్డినేటర్ వరసగా నిలబెట్టి చేతిలో నోట్లు పెట్టేవాడు. ఈమధ్య ప్రొడక్షన్ ఆఫీసులు నగదు ఇవ్వడం మానేశాయి, ఏదిచ్చినా బ్యాంకులోనే. పన్నెండుమందికి పన్నెండు సార్లు పంపడం వాళ్లకు బద్ధకం. కోఆర్డినేటర్ రామలింగం తన ఖాతాలో వేయించుకోవడానికి ఒప్పుకోడు, ఇన్‌కమ్ టాక్స్ నోటీసు ఒకసారి అందుకున్నాడు. అందుకని గుంపులో ఎవరో ఒకరి ఖాతాలో అందరి డబ్బూ వేయించి, ఆ మనిషి చేత పంచిపెట్టించడం అలవాటు చేశాడు.

రెండో రోజు వ్యాన్ దగ్గర నిలబడి, “ఈసారి ఎవరి అకౌంట్ ఇస్తారమ్మా?” అని అడిగాడు.

“నాది అడగకు సార్,” అంది భూలక్ష్మి. “దాంట్ల ఏస్తే బ్యాంకోడే మింగుతడు. మైనస్‌ల ఉన్నది.”

“నాది బందయ్యి ఏడాదాయె,” అంది ఇంకొకామె. నానమ్మ పాత్రలకు పేరుపడ్డ రాజమ్మ, అరవై దాటిన మనిషి, తనకు ఖాతా ఒకటి ఉన్నట్టు కూడా గుర్తులేదని నవ్వింది. ఎవరి గోడు వాళ్లు దాపరికం లేకుండా చెప్పుకున్నారు.

అప్పుడు బాలమణి కొంగు సవరించుకుని, “నా దాంట్ల ఏపియ్యి సార్. నాకేం ఫికర్ లేదు,” అంది.

ఫికర్ లేకేం, బోలెడంత ఉంది. ఏడాది కిందట వాయిదాల మీద ఒక ఫ్రిజ్ కొంది. సినిమా ఇళ్లలో ఫ్రిజ్‌లు చూసీ చూసీ విసుగొచ్చింది ఆమెకు. లోపల ఏమీ ఉండదు, వైరు కూడా తగిలించరు. తనింట్లో నిజంగా చల్లగా ఉండే ఫ్రిజ్ ఒకటి ఉండాలని ఆశ. నెలకు పద్నాలుగు వందల యాభై, ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది. షూటింగులున్నన్నాళ్లు కట్టింది. చలికాలంలో పని పడిపోయింది. ఖాతాలో డబ్బు లేని సమయంలో ఫ్రిజ్ కంపెనీ వాయిదా కోసం రావడం, లేదని బ్యాంకు తిప్పి పంపడం, తిప్పి పంపినందుకు బాలమణి మీద ఐదు వందల తొంభై రూపాయలు రాయడం. మళ్లీ పదిహేను రోజులకు అదే తంతు. డబ్బు లేదన్న నేరానికి డబ్బు జరిమానా వేసే ఈ తెలివి ఎవరికి పుట్టిందో గాని, ఆ మహానుభావుడు ఎన్నడూ ఖాళీ ఖాతా చూసి ఉండడు. ఫోనుకు ఇంగ్లీషులో మెసేజీలు వచ్చినప్పుడల్లా ఆమె చదివించుకోకుండానే తుడిచేసేది. మహా అయితే ఐదారు వందలు కోస్తారు, నా వాటాలో సర్దుకుంటాను అనుకుంది. అంతకుమించి లెక్క చూసుకునే ధైర్యం ఆమెకు లేదు.

శుక్రవారం పొద్దున పదింటికి ఇరవై ఒక్క వేల ఆరు వందలు పడ్డాయి. పది గంటల రెండు నిమిషాలకు మరో మెసేజీ వచ్చింది. ఆ వెంటనే ఇంకొకటి. ఈసారి తుడవలేదు. పక్కింటి కాలేజీ పిల్లను పిలిచి చదివించింది. ఖాతాలో మిగిలింది పదహారు వేల ఇరవై.

గడపలోనే కూర్చుండిపోయింది. అందులో తనది పద్దెనిమిది వందలే. మిగతాది పదకొండుమందిది. సాయంత్రం ఐదింటికి బస్టాప్ వెనక చాయ్ కొట్టు దగ్గర పంచుతానని తానే అందరికీ ఫోన్లు చేసి చెప్పింది.

ఆటోకు డబ్బు పెట్టకుండా జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాకా నడిచి బ్యాంకుకు వెళ్లింది. ఏసీ చల్లగా తగిలింది, చెమట ఆరలేదు. ఇలాంటి బ్యాంకుల్లో ఆమె చాలాసార్లు నిలబడింది, క్యూలో నాలుగో మనిషిగా, దొంగలు రాగానే చేతులెత్తే మనిషిగా. అక్కడ ఏం చెయ్యాలో ముందే చెప్పేవాళ్లు. ఇక్కడ ఎవరి దగ్గరికి వెళ్లాలో కూడా తెలియక రెండు క్యూల్లో నిలబడి, చివరికి ఒక బల్ల దగ్గరికి చేరింది. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి పేరు మంజులత అని రాసి ఉంది. పాతికేళ్లుంటాయేమో.

“మొత్తం ఏడుసార్లు బౌన్స్ అయ్యిందండీ,” అంది కంప్యూటర్ చూస్తూ. “ఛార్జెస్ నాలుగు వేల నూట ముప్పై. అకౌంట్లో బ్యాలెన్స్ లేదు కదా, అందుకే పెండింగ్‌లో ఉన్నాయి. డబ్బు పడగానే సిస్టమ్ తీసేసుకుంది. ఈ నెల ఈఎమ్ఐ కూడా ఈరోజే కట్ అయ్యింది.”

“గా పైసలు నావి గావు మేడం.”

“మీ అకౌంట్లోనే పడ్డాయి కదమ్మా.”

“పడ్డయి. కానీ పన్నెండు మందియి. మాకు గట్లనే ఏస్తరు. జర సమజ్ చేసుకోండ్రి. నాయి పద్దెనిమిది వందలు కోసుకోండ్రి, నేనొద్దంటలేను. వాళ్లయి వాళ్లకియ్యండ్రి.”

ఆ పిల్ల చెడ్డది కాదు. కంప్యూటర్ వంక కాసేపు చూసి, తల అడ్డంగా ఊపింది. “డబ్బు మీద ఎవరిదని రాసి ఉండదమ్మా, మేమేం చెయ్యగలం? రివర్సల్‌కి రిక్వెస్ట్ పెడతాను. ఒకటో రెండో ఛార్జీలు వెనక్కి రావచ్చు. పదిహేను రోజులు పడుతుంది.”

“ఇయ్యాల ఐదు గొట్టంగ ఇయ్యాలె మేడం!” బాలమణి గొంతు పైకి లేచింది. క్యూలో వాళ్లు తిరిగి చూశారు. అంతమంది ఒక్కసారి తనవైపు చూడడం ఆమె జీవితంలో అదే మొదలు. సిగ్గుతో కుంచించుకుపోయి చేతులు జోడించింది. “నీ కాళ్లు మొక్కుత బిడ్డా.”

మంజులత కుర్చీలోంచి సగం లేచి, “అయ్యో, అలా అనకండి,” అని ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. ఇస్తూ ముఖంలోకి చూసి, “మిమ్మల్ని ఎక్కడో చూశానండీ,” అంది.

ఇంకో రోజైతే ఈ ఒక్కమాటకు బాలమణి అరగంట కథ చెప్పేది. ఆ రోజు మాత్రం నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టేసి, “యాడ చూసుంటవమ్మా,” అని లేచి వచ్చేసింది.

అక్కడినుంచి రామలింగం దగ్గరికి వెళ్లింది. అతను ఇంటి ముందు బండి తుడుచుకుంటున్నాడు. విషయం విని గుడ్డ బండి మీద పడేశాడు.

“నీ అకౌంట్ బాలేదని ఆరోజే చెప్పాలి కదా బాలమణీ? నేనేమన్నా బలవంతం చేశానా?”

“నాలుగు వేలు అప్పియ్యి సార్. రెండు షూటింగుల్ల తెంపుత.”

“నా దగ్గర ఎక్కడున్నాయమ్మా! పైనుంచి నాకు రావాల్సిందే రాలేదు.” అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఇందులో ఏడవడానికి ఏముంది? ఒక్కొక్కరికి మూడొందల యాభై తక్కువియ్యి. ప్రొడక్షన్ కోసిందని చెప్పు. వాళ్లెప్పుడు కొయ్యలేదు గనక? ఎవరూ అడగరు.”

వద్దు అనుకుంటూనే వచ్చింది బాలమణి. వద్దు అనుకుంటూనే కిరాణా కొట్టువాణ్ని అడిగింది, అతను పాత బాకీ గుర్తుచేశాడు. ఇంటామెను అడగబోయి, కిరాయి సంగతి ఎత్తుతుందని గుమ్మం దగ్గరినుంచే వెనక్కి తిరిగింది. అమ్ముకోవడానికి ఒంటి మీద బంగారమంటూ ఏమీ లేదు, మెరిసేవన్నీ గిల్టు నగలే. నాలుగు దాటింది. ఏటీఎమ్‌లోంచి పదహారు వేలు తీసింది. మందుల షాపులో చిల్లర మార్చింది. చిల్లర ఎందుకు మారుస్తున్నదో తన చేతులకు ముందే తెలుసు, మనసే ఇంకా ఒప్పుకోలేదు.

చాయ్ కొట్టు దగ్గర పదకొండుమందీ వచ్చి ఉన్నారు. బాలమణి ఎవరి ముఖమూ చూడకుండా, “ప్రొడక్షనోళ్లు కోసిండ్రు. మనిషికి పద్నాలుగు వందల యాభయ్యే,” అంది.

భూలక్ష్మి ప్రొడక్షన్ వాళ్ల ఏడు తరాలనూ కడిగేసింది. మిగతావాళ్లు నిట్టూర్చి చేతులు చాచారు. ఒక్కరంటే ఒక్కరు, నిజమా అని అడగలేదు. ఎంత కోశారు, ఎందుకు కోశారు అని లెక్క అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేది అనిపించింది బాలమణికి. నోట్లు లెక్కపెట్టి ఇచ్చేసింది.

పంపకం అయ్యాక రాజమ్మ తన నోట్లలోంచి చిల్లర చేయించి ఒక పది తీసింది. డబ్బు తెచ్చి పంచిన మనిషికి తలా పది రూపాయలు చాయ్ పైసలు ఇవ్వడం వాళ్లలో మామూలు. కోత పడిన రోజైనా ఆ మామూలు తప్పదు. “పట్టు బిడ్డా. పొద్దంత తిరిగినట్టున్నవ్, ముఖం గుంజుకపోయింది. నీ ఖాతా మంచిగుండవట్టి గివ్వన్న చేతికొచ్చినయి.” ఒకరి తర్వాత ఒకరు పదేసి రూపాయలు ఆమె అరచేతిలో పెట్టారు.

బాలమణికి దుఃఖం ఆగలేదు. నడిరోడ్డు మీద, జనం చూస్తుండగా, బావురుమంది.

“ప్రొడక్షన్ కొయ్యలేదక్కా. బ్యాంకోడు కోసిండు. నా ఫ్రిజ్ వాయిదాలకు కోసిండు. మీ పైసలు నా ఖాతాల మునిగినయి.”

చాయ్ కొట్టువాడు గ్లాసులు కడగడం ఆపి చూశాడు. వాళ్లు తిడతారని, జుట్టు పట్టుకుంటారని ఆమె ఎదురుచూసింది.

భూలక్ష్మి దగ్గరికొచ్చింది. గొంతు పెంచలేదు. “నాది మైనస్‌ల ఉన్నదని నేను నలుగుట్ల చెప్పిన. నాకు ఇజ్జత్ లేకనా? నువ్వొక్కదానివే రిచ్ దానివా బాలమణీ?” అని ఆమె అరచేతిలోంచి తన పది రూపాయలు తీసుకుంది. తర్వాతి ఆమె తనది తీసుకుంది. అలా ఒక్కొక్కరూ తీసుకుంటుంటే బాలమణి చెయ్యి ముడవలేదు, తలెత్తలేదు.

చివరికి రాజమ్మ పది మాత్రం మిగిలింది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. బాలమణి ఆ చేతినే గట్టిగా పట్టుకుని, “నీ మీద ఒట్టక్కా, అందరియి ఇస్త. అచ్చే షూటింగు పైసలు పడంగనే ఒక్క రూపాయి ఉంచుకోకుంట ఇస్త,” అంది.

రాజమ్మకు కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

“ఎవల ఖాతాల పడ్తయి బిడ్డా?”

బాలమణి పదకొండుమంది వైపూ చూసింది. అందరూ నోట్లు కొంగున ముడేసుకుంటున్నారు.