ఉలవల ముందు ఆగిన కారు

టెక్కలి నుంచి పాతపట్నం వెళ్లే రోడ్డు మీద ఎర్రటి ‘ఎల్’ అంటించిన కారు కనిపిస్తే, దాని వెనక ఏ బండి వస్తోందో చూడటం నాకు అలవాటు. కొత్తగా నడిపేవాళ్ల అవస్థ సగం ఆ వెనక బండిని బట్టే ఉంటుంది. పత్రికలో పనిచేసినన్నాళ్లూ రోడ్డు ప్రమాదాల వార్తలు చాలా రాశాను. ఫలానా డ్రైవరు ఓపిక పట్టాడన్నది మాత్రం ఎన్నడూ వార్త కాలేదు.

మేమప్పుడు టెక్కలిలో ఉండేవాళ్లం. మా ఆవిడ టీచరు. ఆ ఏడు హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది కాని, బడి పాతపట్నానికి ఇవతల, మెయిన్ రోడ్డు నుంచి లోపలికున్న ఊళ్లో ఉంది. బస్సు మీద వెళితే ప్రార్థన అయిపోయాక చేరుతుంది. “ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని బయట నిలబెట్టే మనిషిని, నేనే ఆలస్యంగా ఎలా వెళ్తాను?” అంది. ఒక పాత కారు కొన్నాం. డ్రైవింగ్ స్కూలుకు వెళ్లి లైసెన్సయితే తెచ్చుకుంది గాని ధైర్యం రాలేదు. ‘ఎల్’ తియ్యనివ్వలేదు.

రేపు చేరాలనగా ఆదివారం పొద్దున్న బడి దాకా నడిపి చూస్తానంది. నడపలేకపోతే ప్రమోషన్ వద్దని చెప్పేస్తానంది. నేను పక్కన కూర్చున్నాను. జన్మలో స్కూటర్ తప్ప మరొకటి నడిపి ఎరగను. సలహాలకు మాత్రం లోటు చెయ్యలేదు.

ఉలవ కోతల రోజులు. మెళియాపుట్టి దాటాక ఒక ఊరి దగ్గర, పీకిన ఉలవ మొక్కల్ని కాయలతో సహా రోడ్డంతా పరిచారు. వచ్చే పోయే బళ్లు తొక్కితే కాయలు పగిలి గింజ రాలుతుంది. మా వైపు ఇది మామూలే. మా ఆవిడకూ తెలుసు. కాని చక్రం తన చేతిలో ఉండేసరికి మనసొప్పలేదు. ఉలవల అంచున బ్రేకు వేసింది. ఇంజను ఆగిపోయింది.

గట్టున కూర్చున్న ముసలమ్మ కర్ర పట్టుకుని లేచింది.

“ఆగిపోనావేటమ్మా? తొక్కించుకుని ఎల్లు!”

“తినే గింజల మీద నుంచి కారెలా పోనివ్వను?”

“కారు తొక్కకపోతే గింజెలాగొస్తాది? నా కాళ్లతో నాను తొక్కాలేటి?”

వెనక బస్సు ఆగింది. దాని వెనక లారీ హారన్ మొదలుపెట్టింది. పక్క నుంచి బైకు మీద పోతున్నవాడు తల తిప్పి, “పిన్నీ, బ్రేకొక్కటే నేర్సుకున్నావేటి?” అని నవ్వుకుంటూ వెళ్లాడు. మా ఆవిడ రెండుసార్లు స్టార్ట్ చేసింది, రెండుసార్లూ ఆగిపోయింది. “క్లచ్ మెల్లిగా వదులు” అన్నాను.

“మీరు దిగండి,” అంది.

“ఇక్కడా?”

“ఇక్కడే. వెనక బస్సుంది కదా.”

దిగాను. బస్సు డ్రైవరు మెడలో తువ్వాలుతో కిటికీలోంచి ఇదంతా చూస్తున్నాడు. ఒక్కసారీ హారన్ కొట్టలేదు. “అమ్మా, ఉలవల మీద బ్రేకెయ్యకు, స్టీరింగు తిప్పకు. జారిపోద్ది. మెల్లిగా, తిన్నగా పోనీ. ఎనక నానున్నాను,” అని కేకేశాడు.

కారు ఒకసారి ఎగిరిపడి, కదిలి, ఉలవల మీదికెక్కింది. కాయలు చిటపటలాడాయి.

“అద్గదీ! రేపూ రా అమ్మా!” అంది ముసలమ్మ.

నేను బస్సెక్కి డ్రైవరు పక్కన నిలబడ్డాను. “మా ఇంటిదానికి స్కూటీ నేర్పినాను బాబూ,” అన్నాడు. “పక్కన నానుంటే పడిపోయీది. టీ తాగడానికెల్లొచ్చీసరికి నేర్సేసుకుంది.”

ఉలవలు దాటాక కూడా బస్సు మా కారు వెనకే నడిచింది. కండక్టరు ఊరుకోలేదు. “ఓవర్‌టేక్ సేసీ బావా, లేటైపోతన్నాది.”

“నాను దాటితే ఆ లారీవోడు హారనేసుకుని అమ్మెనక పడతాడు. కాసేపుండు.”

“పెళ్లివారి కారెనక ఊరేగుతన్నట్టుంది,” అందొక ఆడమనిషి వెనక సీట్లోంచి. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని చూపు ముందు పోతున్న కారు మీదే ఉంది. ప్రతి మలుపులోనూ ఆగిపోతుందేమోనని అద్దం మీదికి వంగి చూసేవాణ్ణి.

ఆగలేదు. బడికి తిరిగే చోట ఎంతో ముందే ఇండికేటర్ వేసి, లోపలి రోడ్డులోకి మళ్లిపోయింది.

“ఆపండి, దిగుతాను,” అన్నాను.

“ఇప్పుడు మీరెల్తే మళ్లీ ఆపేస్తాది,” అన్నాడు డ్రైవరు, గేరు మారుస్తూ. “పాతపట్నం దాకా రండి.”

ఆయన మొహం ఇప్పుడు సరిగా గుర్తులేదు. గొంతు గుర్తుంది. పాతపట్నంలో ఇద్దరం టీ తాగి, ఆ బస్సులోనే తిరిగొచ్చాను. ఇంటి ముందు కారుంది. మా ఆవిడ నన్ను చూసి, ఎలా నడిపానని గాని, ఎలా వచ్చారని గాని అడగలేదు.

“రేపు నేను ఏడున్నరకే బయల్దేరాలి,” అంది. “టిఫిన్ మీరే చేసుకోండి.”