జరిపిన చక్కెర డబ్బా

ఆస్పత్రి రెండో అంతస్తులో ఒక వంటగది ఉంది. పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్ళు అక్కడ టీ పెట్టి చూపించాలి. గిన్నె తీయడం నుంచి పొయ్యి ఆపడం దాకా పది పనులు, పనికి రెండు మార్కులు. పదిహేను వస్తే ఇంట్లో ఒంటరిగా ఉండొచ్చని రాసిస్తారు. రాకపోతే ఎవరో ఒకరి పంచన చేరాల్సిందే.

మార్కులు వేసే ఆక్యుపేషనల్ థెరపిస్టుకు ఆ గదిలో పందొమ్మిదేళ్ళు గడిచాయి. అందరూ టీ మేడం అంటారు. తన మార్కుకు తిరుగులేదని ఆవిడ నమ్మకం. ఆ టీ తాగి బతికి బట్టకట్టింది ఆవిడ ఒక్కతే కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

మొన్న ఒక కుట్టుపని ఆవిడకు పదిహేడు వేసింది. పక్షవాతం వచ్చాక ఆవిడకు ఎడమవైపు ఉన్నవి కంటికి ఆనినా మనసుకెక్కవు. ఉండేది ఒంటరిగా. ఇంటికి వెళ్ళలేకపోతే తమ్ముడింటికి పోవాలి.

"మా మరదలు మంచిదే మేడం. కానీ అక్కడ గ్లాసు తీసుకోవాలన్నా అడిగే తీసుకోవాలి" అందా మనిషి.

మార్కులు వేసేవాళ్ళను బట్టి మారకూడదని, ఒకే మనిషిని ఇద్దరు విడివిడిగా పరీక్షించాలని, పరీక్షను వీడియో తీయాలని ఆస్పత్రిలో కొత్తగా ఒక పద్ధతి పెట్టారు. రెండోసారి పరీక్షించింది ఈ మధ్యే చేరిన అమ్మాయి. ప్రతిదీ కొలుస్తుందని స్కేలు పిల్ల అంటారు. ఆమె వేసింది పదకొండు.

టీ మేడానికి ఒళ్ళు మండింది. "ఆరు మార్కులు ఎక్కడికి పోయాయమ్మా?"

"నాకు దొరకలేదు మేడం. మీకెక్కడ దొరికాయో వీడియోలో చూద్దాం."

చూశారు. కుట్టుపని ఆవిడ చక్కెర కోసం వెతుకుతోంది. డబ్బా ఎడమ పక్కనుంది. ఇంతలో ఒక చెయ్యి వచ్చి, ఏమీ ఎరగనట్టు, దాన్ని కుడి పక్కకు జరిపింది. తర్వాత కప్పును జరిపింది. పొయ్యి ఆపడం మరిచిపోయేలోగా ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఆ చెయ్యి నాదేనా?"

"వాచీ మీదే మేడం."

ఇంటికి వెళ్ళాక టీ మేడం వంటింట్లో చక్కెర డబ్బా ముందే నిలబడిపోయింది. "ఆ డబ్బా ఏం పాపం చేసిందే? వచ్చినప్పటి నుంచి అటూ ఇటూ తిప్పుతున్నావు" అన్నాడు భర్త. ఆవిడకు ఒక ముసలి టైపిస్టు గుర్తొచ్చాడు. పద్దెనిమిది మార్కులతో ఇంటికి వెళ్ళి, రెండు నెలలకే చెయ్యి కాల్చుకుని వచ్చాడు. నీకు జాగ్రత్త లేదని అప్పుడు ఆయన్నే కోప్పడింది. ఇప్పుడు సిగ్గుతో కుంగిపోయింది. అలా ఎంతమందిని పంపిందో తలుచుకుంటే అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే కుట్టుపని ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది.

"మా ఇంట్లో డబ్బా జరిపేవాళ్ళు లేరు మేడం" అంది కుట్టుపని ఆవిడ. "ముందే చెప్పుంటే ఇంటికెళ్తున్నానని తమ్ముడికి కబురు పెట్టేదాన్ని కాదు."

మూడు వారాలు సాధన చేయించారు. ఏ పనైనా, తల తిప్పి బల్ల ఎడమ అంచును చేత్తో తాకాకే మొదలుపెట్టాలి. మళ్ళీ పరీక్ష రోజున టీ మేడం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. పాలు పొంగుకొచ్చాయి. ఆవిడ చేతులు అక్కడే గిలగిల్లాడాయి. కుట్టుపని ఆవిడ తల తిప్పింది, అంచు తాకింది, పొయ్యి ఆపింది. మిగతావాటిలో నాలుగు పనులు సగం సగమే అయ్యాయి. చక్కెరైతే అసలే వెయ్యలేదు. డబ్బా ఎడమ పక్కనే ఉండిపోయింది.

ఇద్దరూ వేరువేరు కాగితాల మీద రాసి, ఒకేసారి తిప్పారు. పద్నాలుగు. పద్నాలుగు. స్కేలు పిల్ల మొహం వెలిగి, అంతలోనే వాడిపోయింది. ఒక్క మార్కు కలిపితే ఎవరు అడుగుతారని టీ మేడం మనసు పీకింది. కలపలేదు.

"ఎంత?" అంది కుట్టుపని ఆవిడ.

"పద్నాలుగు."

"అందులో మీదేమైనా ఉందా?"

"లేదు. అంతా మీదే."

ఆవిడ చప్పటి టీ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "అయితే సోమవారం మళ్ళీ పరీక్ష పెట్టండి" అంది. "మీరు మాత్రం అలాగే కూర్చోండి."