నర్సమ్మ చేప

ఆ నర్సమ్మ ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో తెలియదు. అప్పట్లో వనపర్తిలో మా పై గదిలో ఒంటరిగా అద్దెకుండేది. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. తోడుగా చిన్న సీసాలో ఒక నీలం ఫైటర్ చేప ఉండేది.

ఒక ఆదివారం దాన్ని కొత్త గాజుతొట్టిలోకి మార్చాలని నన్ను సాయానికి పిలిచింది. చేప ఉన్న సీసాలో తొట్టి నీళ్లు చెంచాతో కొద్దికొద్దిగా పోయసాగింది.

"ఒక్కసారే ఇడిసిపెట్టరాదు అక్కా?" అన్నాను.

"బెదురుతది. జర అలవాటు గానియ్యి."

గంట పట్టింది. ఆలోపు రెండుసార్లు చాయ్ పెట్టింది. చేప తొట్టిలో ఈదడం చూసి నేను లేచాను.

"ఇంకో పది నిమిషాలు కూసో. దానికేమన్న అయితే?"

పనుందన్నాను. నిజానికి ఏ పనీ లేదు.

మెట్లు దిగుతుంటే ఆమె చేపతో అంటున్న మాట వినిపించింది.

"ఏందే, ఇల్లు మరీ పెద్దగైందా?"

అక్కడే ఆగిపోయాను. పైకి మాత్రం వెళ్లలేదు.